రెండు వేళ్ళు తగ్గిన తుపాకీ

ఈ దసరా పొద్దున ఆంటీ తుపాకీకి బొట్టు పెట్టలేదు. గరాజ్ నేల మీద చాప వేసుకుని కూర్చుని, మూడు వేళ్ళు పసుపులో ముంచి, చెయ్యి చాపి, అంతలోనే వెనక్కి తీసుకున్నారు. తప్పు నాది. అక్కడితో నోరు మూసుకున్నా కొంత బాగుండేది. మూసుకోలేదు.

“ఇదేందప్పా, ఇంత పొడుగుండాది?” అన్నారు ఆవిడ.

“ఒరిజినల్ సైజు ఆంటీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఇలాగే ఉండేది. పాత కొయ్యంతా తీసేసి, ఆ కాలం నాటి మిలిటరీ కొయ్య వేశాను. ఇప్పుడే దీనికి విలువ వచ్చింది.”

“ఆయన భుజానికి ఎట్లానుతాది ఇది?”

ఆంటీ భర్త పోయి ఏడాది దాటింది. ఆ మాట విన్నప్పుడైనా నేను ఆగాల్సింది. ఆగకుండా, భుజానికి ఆనే మడమ మీద ముద్ర చూపించాను, కొత్తగా బిగించిన ఇత్తడి పట్టీ చూపించాను, బాయ్‌నెట్ ఎక్కడ తగులుకుంటుందో చూపించాను. కొనడానికి వచ్చినవాడికి చెప్పినట్టు చెప్పాను. ఆవిడ అన్నీ విని, “పాత మడమ యాడుండాది?” అని అడిగారు.

“అది పనికిరాని ముక్క ఆంటీ. ఒకాయనకి ఇచ్చేశాను.”

ఆవిడ వేళ్ళకున్న పసుపు గిన్నె అంచుకే తుడిచేశారు. మూత పెట్టారు. “కాఫీ తాగి పో” అంటూ లోపలికి వెళ్ళారు. కాఫీ తాగాను. సిగ్గులేకపోతే అంతే, చక్కెర కూడా అడిగి వేయించుకున్నాను.

ఆంటీ భర్త పశువుల డాక్టరు. మదనపల్లె దగ్గరివారు. కివీల దేశంలోని ఈ పామర్‌స్టన్ నార్త్‌లో ఒక తెలుగు మాట వినపడితే తిరిగి చూసే రోజుల్లో వచ్చి, చుట్టుపక్కల కొండల్లో గొర్రెలకీ ఆవులకీ వైద్యం చేసి ఇక్కడే రిటైరయ్యారు. నేను గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం దొరికి, ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. ఊళ్ళో అందరికీ ఆయన డాక్టరుగారు. నాకు అంకుల్.

ఆయనకొక అలవాటుంది. ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు అరచేత్తో రెండుసార్లు తట్టేవారు. చెప్పకుండా దగ్గరికి వెళితే పశువు బెదిరి తంతుంది కాబట్టి ముందు తట్టి, “ఏం లేదులే, ఏం లేదు” అనాలి. రిటైరయ్యాక తట్టడానికి పశువులు లేవు, చెయ్యి మాత్రం ఊరుకోలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచే ముందు తట్టేవారు. కారు బానెట్ తట్టేవారు. నా కొత్త ల్యాప్‌టాప్‌ని తట్టి మరీ తెరిచారు. ఒకసారి ఉగాది భోజనాల్లో బిర్యానీ గిన్నె మూత తీయబోతూ దాన్నీ తట్టి, “ఏం లేదులే” అన్నారు. వెనక లైన్లో నిలబడ్డ ఎవరో, “డాక్టరుగారూ, అది చచ్చి చాలాసేపైందండీ” అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే. ఆ తర్వాత గిన్నె మూత తీసి, ముక్కలు ఏరుకోకుండా అన్నం మాత్రం పెట్టుకుని, “అయినా తట్టాలప్పా, మర్యాద” అన్నారు.

రాయలసీమ మనిషి, పైగా ఇంట్లో తుపాకీ. ఇక మనవాళ్ళు ఊరుకుంటారా.

“ఏం డాక్టరుగారూ, సీమ నుంచి తుపాకీతోనే దిగారా?”

“తుపాకీ ఈడే దొరికిందప్పా. బాంబులు, నిమ్మకాయ పచ్చడి తెచ్చుకున్నా. ఎయిర్‌పోర్టులో పచ్చడి లాక్కోని బాంబులు పంపించినారు.”

ఈ దేశపు విమానాశ్రయంలో పచ్చడి సీసా పోగొట్టుకోని తెలుగువాడు లేడు కాబట్టి ఆ జోకు ఎన్నిసార్లు చెప్పినా పండేది.

ఆ తుపాకీని నేను మొదటిసారి చూసింది దసరాకే, ఇదే గరాజ్‌లో. ఆయుధపూజ. చాప మీద ఆయన ఇంజెక్షన్ల పెట్టె, దూడల్ని బయటికి లాగే తాళ్ళు, గిట్టలు కోసే కత్తెర, ఆంటీ కుట్టుమిషను, మేం తెచ్చిన కారు తాళాలు, మధ్యలో, పేలకుండా బోల్టు తీసి పక్కన పెట్టిన తుపాకీ. నాకు దాన్ని చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. త్రీ నాట్ త్రీ! చిన్నప్పుడు మా ఊళ్ళో ట్రెజరీ గేటు దగ్గర సెంట్రీ భుజాన ఉండేది. బడికి పోతూ దాన్ని చూడ్డానికే ఆ దారిన వెళ్ళేవాణ్ణి. ఇక్కడికొచ్చాక లైసెన్సు తీసుకుని, పాత మిలిటరీ తుపాకులు సేకరించడం మొదలుపెట్టానంటే ఆ సెంట్రీయే కారణం.

కానీ ఇది ఏం త్రీ నాట్ త్రీ? గొట్టాన్ని చివరిదాకా కప్పి ఉండాల్సిన కొయ్యని సగంలో కోసేశారు. ఇనప పట్టీలు పీకేశారు. మడమని కూడా కోసి, చిత్రిక పట్టారు. కుందేలుకి చెవులు, తోక కత్తిరించినట్టుంది. యుద్ధం అయిపోయాక ఈ దేశంలో ఇలాంటివి చవగ్గా దొరికేవట. రైతులు కొని, బరువు తగ్గించుకోవడానికి కొయ్య కోసుకుని, దుప్పుల వేటకి వాడుకున్నారు. ఏ షెడ్డు వెతికినా ఒకటి కనిపిస్తుంది. సేకరించేవాళ్ళకి వాటిని చూస్తే కడుపుమంట.

ఆ రోజు ఆంటీ మూడు వేళ్ళతో మడమకి పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెడుతుంటే నేను గబగబా ఫోటో తీశాను. భక్తితో కాదు. ఆ రాత్రే సేకరణకారుల గ్రూపులో పెట్టి, దీనికి ఇంకా ఏమైనా విలువుందా అని అడిగాను. జవాబులు వరదలా వచ్చాయి. పేరున్న పనివాళ్ళు మార్చినవైతే ఈమధ్య అడుగుతున్నారు, ఇది షెడ్డు పని, పొయ్యిలోకి పనికొస్తుంది అన్నారు ఒకరు. గొట్టం కోయలేదు కాబట్టి మళ్ళీ పూర్తి కొయ్య వేస్తే మనిషిలా కనబడుతుంది అన్నారు ఇంకొకరు. ఆ పసుపుపచ్చ మరక ఏంటి, ముందు అది గీకెయ్యి అన్నారు మరొకరు.

మర్నాడు వెళ్ళి ఇవన్నీ ఆయనకి చదివి వినిపించాను. నా బుద్ధి అలాంటిది. ఆయన అన్నీ విని, తుపాకీని తట్టి, “వాళ్ళ చేతులు ఎంత పొడుగుండాయంట?” అన్నారు.

“చేతులేంటి అంకుల్?”

“నువ్వే అడుగు.”

ఆయనతో వచ్చిన చిక్కే ఇది. అడిగిన దానికి జవాబు రాదు. దేని ఖరీదు అడిగినా, “అడిగేటోడు కొనేవాడా, అమ్మేవాడా?” అనేవారు. రెండూ కాదంటే, “మరెందుకప్పా నీకు?” అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఆ మంటతోనే పదే పదే అడిగేవాణ్ణి.

చేతుల సంగతి నాకు ఆంటీ చెప్పారు. ఆయన పొట్టి మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో కొండ మీది ఒక రైతు దొడ్లో, వానలో రాత్రంతా కష్టపడి అడ్డం తిరిగిన దూడని ప్రాణంతో బయటికి తీశారట. ఆ రైతు ఈ తుపాకీ ఇచ్చాడు. అప్పటికే ముందు కొయ్య కోసే ఉంది. ఆయన దాన్ని భుజానికెత్తితే వేలు ట్రిగ్గర్‌కి అందలేదు. రైతు నవ్వి, ఆయన మోచెయ్యి మడతలో మడమ ఆనించి, వేలు ఎక్కడిదాకా వస్తుందో చూసి, రెండు వేళ్ళ మందం కొలిచి, రంపంతో కోసేశాడు. ఆకురాయి పట్టి, అవిసె నూనె రాసి, “ఇప్పుడిది నీది” అన్నాడు.

తుపాకీ ఇంట్లోకి రావడం ఆంటీకి ఇష్టం లేదు. మందు పనిచేయని చోట, కొండ మీద కాలు విరిగిన పశువుని బాధ పడనివ్వకుండా ఉండటానికి తప్ప వాడనని ఆయన మాటిచ్చారు. “అట్లయితే దసరాకి బొట్టు పెడతా. బొట్టు పెట్టినాక దానికీ మనకీ లెక్క సరి” అన్నారట ఆంటీ. అప్పట్నించీ ఏటా పెట్టారు. మడమ కోసిన చోట పచ్చి కొయ్య పసుపుని తాగేసింది. ఆంటీ మూడు వేళ్ళ ఆకారం, ఏడాది మీద ఏడాది, ముదురు పసుపులో అక్కడే నిలిచిపోయింది.

ఇంత తెలిసీ నేను ఆయన్ని వదల్లేదు. “నాకివ్వండి అంకుల్, దీన్ని బాగు చేస్తాను” అనేవాణ్ణి.

“దీనికేం రోగమొచ్చె?”

“రూపం పోయిందిగా.”

“నా రూపం చూడు, పోలే? ఎవురికన్నా ఇస్తావా బాగుచేయమని?” అని బట్టతల తట్టుకునేవారు.

ఒక్కసారి మాత్రం ఆయన మీద గట్టిగా అరిచాను. ఇక్కడి శరదృతువు, మగదుప్పులు అరిచే రోజులు. ఆ రైతు భూమి పైన అడవి మొదలయ్యే చోటికి నన్ను తీసుకెళ్ళమని బతిమాలితే ఒప్పుకున్నారు. వేటకి ఆయనతో వెళ్ళడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. గాలి మనవైపు ఉందో లేదో చూసుకుంటూ, నేను ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ పాకుతుంటే, ఆయన రాతి మీద కూర్చుని స్టీలు డబ్బా మూత తీశారు. చిత్రాన్నం. ఆవాలు, ఇంగువ వాసన లోయంతా గుప్పుమంది.

“అంకుల్, దుప్పికి వాసన తగుల్తుంది!”

“తగలనీ. దానికీ ఆకలైతాది.”

అయినా అదృష్టం నావైపే ఉంది. ఎదుటి గట్టు మీద ఒక మగదుప్పి, ఇంతింత కొమ్ములతో, బయటికొచ్చి నిలబడింది. నేను బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, గురి చూస్తున్నాను. ఆయన నా పక్క నుంచి లేచారు. తన తుపాకీ బోల్టు తీసి జేబులో వేసుకుని, తుపాకీని నా పక్కన పెట్టి, ఆ బయలు మీద అందరికీ కనబడేట్టు గబగబా నడుచుకుంటూ పోతున్నారు. దుప్పి తలెత్తింది. ఒక్క దూకు, అంతే.

చూస్తే, గట్టు కింద ఒక గొర్రె వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఒంటి మీద బొచ్చు వానకి తడిసి బరువెక్కి, బోర్లా తిరగలేక అలా పడిపోయినవి కడుపు ఉబ్బి కాసేపట్లో చచ్చిపోతాయి. ఆయన దాని డొక్క తట్టి, “ఏం లేదులే, ఏం లేదు” అంటూ పట్టుకుని లేపారు. వదిలేస్తే మళ్ళీ పడిపోతుందని మోకాళ్ళ మధ్య దాన్ని బిగించి, దాని కాళ్ళు నిలదొక్కుకునేదాకా అలాగే నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. గొర్రె ఆయన ప్యాంటు మీద పోసేసింది.

నేను దిగి వెళ్ళి అనరాని మాటలన్నాను. “మీకు వేటెందుకు? మీకు తుపాకీ ఎందుకు? ఇలాంటి తుపాకీని మ్యూజియం వాడు కూడా ఊరికే ఇస్తే తీసుకోడు. మంచి వస్తువుని పాడు చేసుకుని దానికి పూజలొకటి!”

ఆయన నా వైపు చూడలేదు. గొర్రె నాలుగడుగులు వేసి, తూలి, నిలబడి, మందలోకి పోయింది. అప్పుడు నా దగ్గరికొచ్చి నా భుజం రెండుసార్లు తట్టారు. కిందికి దిగేటప్పుడు మిగిలిన చిత్రాన్నం నాకే పెట్టారు. తిన్నాను. బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది.

జబ్బు చేశాక ఆయనే నన్ను పిలిచి, కాగితాల ప్రకారం తుపాకీని నా పేరు మీదికి మార్పించారు. ఆంటీకి లైసెన్సు లేదు, ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. ఇంత అడిగినా ఇవ్వని వస్తువు చేతికొస్తుంటే నాకు లోపల సంతోషం వేసింది. ఆయన మంచం మీద ఉన్నారు, నాకు సంతోషం వేసింది. ఇది రాయకుండా ఉండలేను.

“ఒకటే మాటప్పా” అన్నారు. “దసరాకి దసరాకి తీసుకొచ్చి ఆమెకి చూపించు. బొట్టు పెడతాది. మళ్ళీ తీస్కపో.”

“అంతేనా అంకుల్?”

“అంతే. యాల, ఇంకేమన్నా చేస్తావా?”

ఆయనకి తెలుసేమో. నాకు తెలియదు.

ఆయన పోయిన ఏడు ఆ ఇంట్లో పండగ లేదు. తుపాకీ నా గన్‌సేఫ్‌లో ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా నా తక్కిన తుపాకుల పక్కన అది పొట్టిగా, పసుపుపచ్చ మరకతో కనబడేది. చివరికి లోవర్ హట్ అనే ఊళ్ళో పాత మిలిటరీ తుపాకుల విడిభాగాలు పోగేసే ఒక కివీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. నా దగ్గరున్న రెండు బాయ్‌నెట్లలో ఒకటి ఆయనకిచ్చి, పూర్తి కొయ్య తెచ్చుకున్నాను. తీసేసిన పాత ముక్కలు ఏం చేస్తావని అడిగితే, మీరే ఉంచుకోండి అన్నాను. ఇంటికొచ్చి వారాంతాలన్నీ కూర్చుని బిగించాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. మెచ్చుకున్నారు.

ఇక్కడ ఇంకో మాట కూడా ఉంది. కొయ్య తెచ్చుకునేటప్పుడు, ఇది వేస్తే విలువ పెరుగుతుందా అని ఆ పెద్దాయన్ని అడిగాను. “చూడ్డానికి బాగుంటుంది. తెలిసినవాడు మడమ ఒకచోటిది, మిగతాది ఒకచోటిది అని చూడగానే చెప్పేస్తాడు. ముక్కలు జతచేసిన తుపాకీ ముక్కలు జతచేసిన తుపాకీయే” అన్నాడాయన. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పొద్దున ఆంటీతో, ఇప్పుడే దీనికి విలువ వచ్చింది అన్నప్పుడు నాకది అబద్ధమని తెలుసు.

పోయిన వారం ఆంటీ ఫోన్ చేసి, “ఈ దసరాకి తుపాకీ తెస్తావా? నేను పెట్టచ్చంటావా బొట్టు?” అని అడిగారు. ఆవిడ అడిగింది భర్త పోయినదాన్ని పెట్టచ్చా అని. “ఎందుకు పెట్టకూడదు ఆంటీ? మీరే పెట్టాలి” అన్నాను చాలా పెద్దవాడిలా. నా మాట పట్టుకుని, పసుపు కలుపుకుని, చాప వేసుకుని కూర్చున్నారు. తీరా చూస్తే వేళ్ళు పెట్టే చోటు లేదు.

కాఫీ తాగి తుపాకీ ఇంటికి తెచ్చి సేఫ్‌లో పెట్టి తాళం వేశాక, అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. తర్వాత ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. ముక్కలు ఉన్నాయో లేవో చూడాలి, రమ్మన్నాడు. దారి పొడవునా ముందు వెళ్ళే పాల ట్యాంకరు తప్పుకోలేదు. దాన్ని తిట్టాను, నన్ను తిట్టుకున్నాను. అంకుల్‌ని కూడా తిట్టాను. ఇదిరా సంగతి, ఈ మడమ నా చేతికి కొలిచి కోసింది, ఆమె వేళ్ళు దీని మీద ఉన్నాయి, జాగ్రత్త అని ఒక్క మాట చెబితే ఏం పోయింది ఆయనకి? కానీ ఆ సంగతి నాకు తెలియనిదేం కాదు. ఆంటీ చెప్పగా విన్నదే. విని, కథలా బాగుంది అనుకున్నదే.

పెద్దాయన షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది. గాలికి మూసుకుపోకుండా కింద ఒక చెక్క అడ్డం పెట్టాడు. వంగి చూశాను. దాని చివర మూడు వేళ్ళ పసుపు.

“ఇదే” అన్నాను.

“అదా? గొర్రెల మీద పూసే రంగు అనుకున్నాను. గీకితే పోలేదు.”

“పసుపు. వంటలో వేసుకునేది. పండగకి ఆయుధాలకి పెడతాం.”

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఎవరో పొట్టివాడికి కోసింది.”

“అవును.”

“దీనికి విలువేం లేదు, తెలుసుగా?”

“మీకు తలుపు ఆగింది కదా” అన్నాను. అనవసరపు మాట. ఆయన తప్పేం లేదు. ఆయనకి చెత్త అని చెప్పి ఇచ్చింది నేనే.

మడమ దొరికింది కానీ, ముందు కొయ్య లేదు. దాన్ని చిన్న చిన్న చీలికలుగా కోసి వేరే తుపాకులకి అతుకులు వేసేశాడు. ఒక చీలిక చూపించాడు, చక్కగా కలిసిపోయింది. తుపాకీకి వేసిన మిలిటరీ మడమ ఆయనకి పంపిస్తానని చెప్పాను. తలుపుకి ఆనించడానికి వాకిట్లోంచి ఒక రాయి తెచ్చి పెట్టాను. వస్తుంటే వెనక నుంచి కేకేశాడు: “ముందు కొయ్య మాత్రం ఉంచుకో, మంచిది, యుద్ధకాలం నాటిది. దాన్ని మాత్రం పాడు చెయ్యకు!”

ఇంటికొచ్చి పాత మడమ బిగించాను. వెనక నుంచి చూస్తే పొట్టి, ముందు నుంచి చూస్తే పొడుగు. అది సిపాయీ కాదు, ఆయనా కాదు. పాత ముందు కొయ్య ఎక్కడిదాకా ఉండేదో గుర్తులేదు. గుర్తుపెట్టుకోవడానికి దాని వైపు ఎప్పుడైనా సరిగ్గా చూస్తేగా. చివరికి గ్రూపులో పెట్టిన ఆ మొదటి దసరా ఫోటో తీశాను. ఫోటోలో ఆంటీ కుడిచేత్తో మడమకి పసుపు రాస్తూ, ఎడమ అరచెయ్యి ముందు కొయ్య మీద ఆనించి ఉన్నారు. గురి చూసే వెనక సైటు దగ్గర మణికట్టు, మధ్యవేలి కొస దగ్గర కొయ్య చివర. ఆ కొలత ఆవిడ దగ్గరే ఉంది.

తుపాకీ, రంపం కారులో వేసుకుని వెళ్ళాను. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. ఆంటీ తలుపు తీసి, నా చేతిలో రంపం చూసి, “చెట్టేమన్నా కొట్టేస్తాండావా?” అన్నారు.

గరాజ్‌లో చాప అలాగే ఉంది. తుపాకీ తీసి, బోల్టు పక్కన పెట్టి, మడమ ఆవిడ వైపు తిప్పి చాప మీద పెట్టాను. ఆవిడ చూశారు. చెయ్యి చాపలేదు.

“పొద్దున మీకు అబద్ధం చెప్పాను ఆంటీ. దానికి విలువ రాలేదు. ఉన్నది కూడా పోయింది.”

“పొద్దున నా చెయ్యి ఆగిపోయెనే, పెట్టకూడదనే ఆగిందేమో అనుకున్నా” అన్నారు ఆవిడ, మడమ వైపే చూస్తూ. “ఇంకెప్పుడూ పెట్టగూడదనుకున్నా.”

ఫోటో చూపించి, ముందు కొయ్య మీద చెయ్యి అలాగే ఆనించమన్నాను. ఆనించారు. వేలి కొస దగ్గర పెన్సిలుతో గీత గీశాను.

“ఏం చేస్తావు?”

“ఇక్కడికి కోస్తాను.”

“మంచి కొయ్యంటివే?”

“మంచిదే ఆంటీ.”

ముందు భాగం విప్పి, నా మోకాలి కింద అదిమిపట్టి, గీత మీద రంపం పెట్టాను. చెయ్యి కదల్లేదు. ఇలా కోసినవాళ్ళని నేనెన్ని మాటలన్నానో అన్నీ ఆ రంపం పళ్ళకి తగులుకున్నట్టున్నాయి. రంపం పక్కన పెట్టాను. నా అరచెయ్యి దానంతటదే ఆ కొయ్యని రెండుసార్లు తట్టింది. ఆంటీ చూశారు. మళ్ళీ రంపం తీసుకుని కోశాను.

పొడి చాప మీద రాలింది. ముక్క తెగి పడ్డాక ఆవిడ కొయ్య అందుకుని, చివర వేలితో తడిమి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు.

“వంకర పోయిందే.”

“అవునాంటీ.”

“ఆయనకి చెప్పొద్దులే” అన్నారు.

నేను కొయ్య మళ్ళీ బిగించేలోగా లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చారు. పొద్దుటి పసుపు ఎండిపోతే రెండు చుక్కలు నీళ్ళు పోసి కలిపారు. మడమ మీద పాత గుర్తుల్లోనే మూడు వేళ్ళూ ఆనించి రాశారు, మధ్యలో కుంకుమ పెట్టారు. తర్వాత మళ్ళీ వేళ్ళు ముంచి, నేను వంకరగా కోసిన చోట, పచ్చి కొయ్య మీద కూడా రాశారు.